ఫార్మసీ కళాశాలలు పెరుగుతున్నాయి, మరి కొలువుల మాటేమిటి?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన ప్రతిసారీ తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "హజ్రత్, అమ్మాయిని ఫార్మసీలో చేర్చమంటారా? చదువయ్యాక ఉద్యోగం దొరుకుతుందా?" వైద్య విద్యలో సీటు రాని బైపీసీ విద్యార్థులకు ఫార్మసీ రెండవ దారిగా స్థిరపడింది. ఆడపిల్లలకు ఇది గౌరవప్రదమైన వృత్తి అన్న అభిప్రాయం మన కుటుంబాలలో బలంగా ఉంది. ఆ అభిప్రాయం సరైనదే. అయితే నాలుగేళ్ళ కాలాన్ని, కష్టార్జితాన్ని వెచ్చించే ముందు ఈ రంగపు స్థితిగతులను తెలుసుకోవడం పెద్దల బాధ్యత.

ఆంక్షలు, అనుమతులు

మన దేశంలో ఫార్మసీ డిగ్రీ విద్యకు 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ పునాది వేశారు. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ఫార్మసీ కౌన్సిల్ ఏర్పడింది. దశాబ్దాల పాటు కళాశాలలు పరిమితంగానే ఉండేవి. 2000 తరువాత ప్రైవేటు కళాశాలలు వెల్లువెత్తాయి. మన రెండు రాష్ట్రాలలో ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా ఆ విస్తరణకు ఊతమిచ్చింది.

కళాశాలల సంఖ్య మితిమీరుతోందని భావించిన కౌన్సిల్, 2020-21 విద్యా సంవత్సరం నుండి ఐదేళ్ళ పాటు కొత్త సంస్థలకు అనుమతి ఇవ్వరాదని 2019లో తీర్మానించింది. ప్రభుత్వ సంస్థలకు, ఈశాన్య రాష్ట్రాలకు మినహాయింపునిచ్చింది. ఈ నిషేధాన్ని కర్ణాటక, ఢిల్లీ, ఛత్తీస్‌గఢ్ హైకోర్టులు కొట్టివేశాయి. విద్యాసంస్థను స్థాపించే హక్కును చట్టం ద్వారానే నియంత్రించాలి తప్ప కేవలం తీర్మానంతో కాదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. దాంతో కొత్త కళాశాలలకు మళ్ళీ ద్వారాలు తెరుచుకున్నాయి. ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. న్యాయస్థానం తేల్చింది అనుమతుల విధానాన్ని. ఉద్యోగాల లభ్యతను కాదు. కళాశాలకు అనుమతి ఉన్నంత మాత్రాన అందులో చదివిన వారికి కొలువు ఉన్నట్టు కాదు.

అమెరికా అనుభవం కూడా ఇదే చెబుతోంది. 2000 ప్రాంతంలో అక్కడ ఫార్మసీ విద్యాలయాలు 80కి పైచిలుకు ఉండగా, రెండు దశాబ్దాలలో 140 దాటాయి. ఆ తరువాత పెద్ద మందుల దుకాణ సంస్థలు తమ శాఖలను మూసివేయసాగాయి, విద్యాలయాలకు దరఖాస్తులు తగ్గాయి.

కొలువులు ఎక్కడ ఉన్నాయి?

హైదరాబాదు చుట్టుపక్కల ఔషధ పరిశ్రమలు, జీనోమ్ వ్యాలీ, విశాఖ సమీపాన పరవాడ ఫార్మా సిటీ మనకున్న వనరులు. అయితే ఉత్పత్తి, నాణ్యతా పరీక్షల విభాగాలలో బి.ఫార్మసీ వారితో పాటు రసాయనశాస్త్రం చదివిన బీఎస్సీ, ఎమ్మెస్సీ వారు కూడా పోటీపడతారు. షిఫ్టు పనివేళలు, దూర ప్రయాణాలు ఆడపిల్లలకు అడ్డంకి అవుతాయి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసి విశ్లేషించే ఫార్మకోవిజిలెన్స్, అనుమతి పత్రాలను రూపొందించే రెగ్యులేటరీ అఫైర్స్, క్లినికల్ పరిశోధన వంటివి కార్యాలయంలో కూర్చుని చేసే పనులు. వీటికి చక్కని ఆంగ్లం, కంప్యూటరు పరిజ్ఞానం తప్పనిసరి.

ప్రభుత్వ కొలువులు అరుదుగా వస్తాయి. 2024లో తెలంగాణ 633 ఫార్మసిస్టు పోస్టులకు ప్రకటన ఇచ్చింది. పోస్టులు వందలలో ఉంటే, ఏటా పట్టాలు పుచ్చుకునేవారు వేలలో ఉంటారు.

గల్ఫ్ ఆశ ఉన్నవారు మరొకటి గమనించాలి. సౌదీ అరేబియా 2020లో ఫార్మసీ ఉద్యోగాలలో 20 శాతం, మరుసటి ఏడాది 30 శాతం స్వదేశీయులకు కేటాయించింది. అమెరికాలో లైసెన్సు కోరేవారికి కనీసం ఐదేళ్ళ డిగ్రీ ఉండాలి. కనుక నాలుగేళ్ళ బి.ఫార్మసీ సరిపోదు, 2008లో మన దేశంలో ప్రవేశపెట్టిన ఆరేళ్ళ ఫార్మ్-డి ఆ షరతును తీరుస్తుంది.

సర్టిఫికెట్ అద్దె: ఒక రుగ్మత

ఔషధ నిబంధనల ప్రకారం, వైద్యుని చీటీపై ఇచ్చే మందులను రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయం పర్యవేక్షణలోనే ఇవ్వాలి. ఆచరణలో ఏం జరుగుతోంది? చాలా దుకాణాలలో గోడకు ఒకరి సర్టిఫికెట్ వేలాడుతుంటుంది, కౌంటరు వద్ద మరొకరుంటారు. సర్టిఫికెట్ యజమానికి నెలకు కొంత అద్దె ముడుతుంది. "ఇంట్లో కూర్చుంటే వచ్చే ఈ సొమ్ము హలాలేనా?" అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. మా సమాధానం స్పష్టమే. తాను చేయని పర్యవేక్షణను చేస్తున్నట్టు చూపి పుచ్చుకునే సొమ్ము అది. దానిని హలాల్ సంపాదన అనలేము. మందు ఒక అమానతు. ఒక మందుకు బదులు మరొకటి, ఒక మోతాదుకు బదులు మరొకటి చేతికి వస్తే నష్టపోయేది రోగి ప్రాణం. మధ్యయుగపు ముస్లిం నగరాలలో ఔషధ విక్రేతల అంగళ్ళను తనిఖీ చేసే బాధ్యతను ముహ్తసిబ్ అనే అధికారికి అప్పగించింది ఇందుకే.

ఇందులో లౌకిక నష్టం కూడా ఉంది. స్వల్ప అద్దెకే సర్టిఫికెట్ దొరుకుతున్నప్పుడు దుకాణదారు పూర్తి జీతమిచ్చి ఫార్మసిస్టును ఎందుకు నియమిస్తాడు? అద్దెకిచ్చిన ప్రతి సర్టిఫికెట్ ఒక ఉద్యోగాన్ని మింగేస్తుంది. కొలువులు లేవని వాపోయే పట్టభద్రులే తమ తోటివారి కొలువులను ఇలా హరిస్తున్నారు. సర్టిఫికెట్ ఉన్న ప్రతి దుకాణంలో దాని యజమాని నిలబడి పనిచేస్తే ఎంతోమందికి గౌరవనీయమైన జీవనోపాధి లభిస్తుంది, రోగికి సరైన సలహా అందుతుంది.

చేర్చే ముందు

మొదట, కళాశాలకు, ఎంచుకున్న కోర్సుకు ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం ఉన్నదో లేదో చూడండి. ఆమోదం లేని కోర్సు చదివిన వారికి రిజిస్ట్రేషన్ లభించదు. రెండేళ్ళ డి.ఫార్మసీలో చేర్చదలచినవారు, 2022 నాటి నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషనుకు ముందు ఎగ్జిట్ పరీక్ష ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఫార్మ్-డి అయితే కళాశాలకు అనుబంధంగా ఏ ఆసుపత్రి ఉన్నదో, విద్యార్థులు నిజంగా వార్డులకు వెళుతున్నారో లేదో విచారించండి. ప్రయోగశాలను కళ్ళారా చూడండి. బోధకులు రోజూ వస్తారా అని సీనియర్ విద్యార్థులను అడగండి. గత రెండేళ్ళలో ఉత్తీర్ణులైనవారు నేడు ఎక్కడ పనిచేస్తున్నారో యాజమాన్యం చెప్పలేకపోతే, గోడపత్రికలలోని హామీలను నమ్మవలసిన పని లేదు.

అన్నిటికంటే ముఖ్యంగా పిల్లల అభిరుచిని తెలుసుకోండి. రసాయనశాస్త్రం, జీవశాస్త్రం మీద ఆసక్తి ఉన్న బిడ్డకు మంచి కళాశాలలో ఫార్మసీ ఇప్పటికీ ఉపయుక్తమైన విద్యే. ఎంబీబీఎస్ రాలేదన్న నిరాశతో, ఏదో ఒక పట్టా ఉండాలన్న తొందరతో చేర్చితే మాత్రం చివరికి మిగిలేది గోడకు వేలాడే కాగితమే. ఈ వేసవిలో నిర్ణయం తీసుకోబోయే ప్రతి ఇంటిలోనూ తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురూ కలిసి కూర్చుని ఈ విషయాలను చర్చించాలని మా విన్నపం. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, హలాల్ ఉపాధిని ప్రసాదించుగాక.