ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ

పికప్ కిందికి దూరి చూస్తే సైలెన్సర్, షాఫ్టు, స్టెప్నీ, కమాన్ పట్టీలు చూడగానే తెలిసిపోతాయి. వెనక ఇరుసు దగ్గరున్న ఒక సన్నని కడ్డీ మాత్రం తికమక పెడుతుంది. దేన్నీ మోయదు, దేన్నీ తిప్పదు. మరి ఎందుకున్నట్టు?

పేరు తెలియని భాగం కనబడితే అది దేన్ని దేనితో కలుపుతోందో చూడాలి. ఈ కడ్డీ ఒక కొస ఇరుసుకు ఉంది. రెండో కొస చాసిస్‌కు బిగించిన చిన్న లోహపు దిమ్మెను చేరింది. ఆ దిమ్మెలోకి వచ్చిపోయేవి బ్రేక్ ఆయిల్ గొట్టాలు. ఇరుసు చక్రాలతోనే ఉండిపోతుంది, చాసిస్ లోడు పడేకొద్దీ కిందికి దిగుతుంది. ఆ రెంటి మధ్య ఎడాన్ని చూసి బండి మీద బరువెంతో బ్రేకుకు చెప్పే త్రాసు ఇది. పేరు లోడ్ సెన్సింగ్ ప్రపోర్షనింగ్ వాల్వ్, పొట్టిగా ఎల్‌ఎస్‌పీవీ.

బరువుతో బ్రేకుకేం పని? బ్రేకు తొక్కగానే బరువు ముందు చక్రాల మీదికి మళ్లుతుంది, వెనకవి తేలికవుతాయి. ఖాళీ పికప్‌కు వెనక బరువు అసలే తక్కువ. అక్కడ బ్రేకు గట్టిగా పడితే చక్రం తిరగడం మాని జారుతుంది. జారే చక్రానికి పక్కకు పట్టుండదు, బండి వెనక భాగం గిర్రున ముందుకొచ్చేస్తుంది. అదే బండిలో టన్ను సరుకుంటే ఆ చక్రాలే గట్టి బ్రేకును తట్టుకుంటాయి. కారులో ఈ తేడా కొంచెమే. పికప్ మాత్రం వెళ్లేటప్పుడు ఒక బండి, తిరిగొచ్చేటప్పుడు ఇంకో బండి.

1921లో అమెరికాలో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు తెచ్చింది. గొట్టంలోని ద్రవం ఒత్తిడిని అన్ని వైపులకూ సమానంగా పంచుతుంది. ఆ సమానతే హైడ్రాలిక్ బ్రేకుల బలం, బరువు మారే బండికి అదే చిక్కు. 1955 నాటి సిత్రోయెన్ డీఎస్ దీన్ని ఎంతో అందంగా విప్పింది: వెనక సస్పెన్షన్‌లోని ద్రవం ఒత్తిడినే వెనక బ్రేకులకు వాడుకుంది. బరువు పెరిగితే బ్రేకు బలమూ పెరిగేది. టయోటా హైలక్స్ లాంటి పికప్‌లకు కడ్డీ, స్ప్రింగు, పిస్టన్ సరిపోయాయి. ఒత్తిడి ఒక హద్దు దాకా వెనక్కి పూర్తిగా వెళ్తుంది, ఆపైన పిస్టన్ దాన్ని కొంత ఆపేస్తుంది. లోడుతో చాసిస్ దిగితే కడ్డీ స్ప్రింగును నొక్కి ఆ హద్దును పైకి జరుపుతుంది.

నన్ను కలవరపెట్టేది ఒకటుంది. ఎక్కువ సరుకు వేయాలని కొందరు అదనంగా పట్టీలు వేయిస్తారు. అప్పుడు నిండు లోడులోనూ చాసిస్ దిగదు. కడ్డీ దాన్ని ఖాళీ బండిగానే లెక్కగట్టి వెనక బ్రేకును తగ్గించేస్తుంది. మదనపల్లెలో టమాటా పెట్టెలెత్తుకుని ఘాట్ దిగే బండికి ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. పట్టీలు మార్చిననాడే కడ్డీని కూడా కంపెనీ కొలత ప్రకారం సరిచేయించాలి. తుప్పుపట్టి బిగుసుకుంటే ఊడబీకి పడేయకూడదు, మార్పించాలి.

1978లో చక్రం జారకుండా కాచే బాష్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది. తర్వాత ఆ ఏబీఎస్ సెన్సార్లే చక్రాల వేగాన్ని చూస్తూ వెనక బ్రేకును పంచడం నేర్చాయి. ఆ బండ్ల కింద ఈ కడ్డీ అక్కర్లేదు. ఉన్న బండి దొరికితే, బస్తాలు ఎక్కిస్తున్నప్పుడు పక్కన వంగి చూడండి. ఒక్కో బస్తాకూ కడ్డీ కాస్త కాస్త జరుగుతుంది.