వంటింటి వెలుగు - భోజనశాల దీపం

నూతన గృహం నిర్మించుకునేవారు గడప ఎక్కడ ఉండాలి, పొయ్యి ఎటు ఉండాలి, పూజామందిరం ఏ మూల ఉండాలి అని పదిమందిని విచారిస్తారు. నేలపై పరిచే రాళ్ల నిగ్గు చూడడానికి పది దుకాణాలు తిరుగుతారు. వంటింటిలో దీపం ఎక్కడ ఉండాలో మాత్రం ఎవరినీ అడగరు. ఆ నిర్ణయం ఎలక్ట్రీషియన్‌కే వదిలివేస్తారు. అతడు గది నడుమనో, తలుపు పైననో ఒక పాయింటు పెట్టి వెళ్లిపోతాడు. ఆ ఒక్క పాయింటు కింద ఆ ఇంటి ఇల్లాలు రాబోయే ఇరవై ముప్ఫై సంవత్సరాలు వండవలసి ఉంటుంది. ఇంటిల్లిపాదీ తినే ఆహారాన్ని ఏరి, కడిగి, తరిగి, పరీక్షించేది ఆ వెలుగులోనే. కనుక ఇది అలంకారానికి సంబంధించిన విషయం కాదు, ఆరోగ్యానికి సంబంధించినది. ఈ సత్యాన్ని నేను గ్రంథాలు చదివి గ్రహించలేదు. నా ఇంట పొరపాటు చేసి తెలుసుకున్నాను.

నా ఇంటి పాఠం

కొన్ని సంవత్సరాల క్రితం మేము కొత్త ఇంట ప్రవేశించాము. ఇల్లు కట్టే రోజులలో నా శ్రద్ధ అంతా మందుల గదిపైనే ఉండేది. చూర్ణాలకు తేమ తగలరాదు, తైలాలకు ఎండ సోకరాదు అని రోజూ వెళ్లి చెప్పి వచ్చేవాణ్ణి. వంటింటి వైపు తొంగి చూడలేదు.

గృహప్రవేశమైన మూడు నెలలలోనే నా సహధర్మచారిణి రెండుసార్లు వేలు కోసుకున్నది. ఒకనాడు పప్పులో రాయి పంటికి తగిలింది. మరొకనాడు చారులో జీలకర్రకు బదులు వాము పడింది. నలభై సంవత్సరాలుగా ఆమె చేతి వంటలో ఏనాడూ జరగని పొరపాట్లు ఇవి. వైద్యుణ్ణి గనుక నేను వెంటనే రోగనిర్ణయం చేశాను. అరవై దాటిన వయసు, దృష్టి మందగించింది అనుకున్నాను. త్రిఫలా ఘృతం ఆరంభించాను. నెల గడిచినా గుణం కనబడకపోయేసరికి కంటి వైద్యుని వద్దకు తీసుకుని వెళ్లాను.

ఆయన శ్రద్ధగా పరీక్షించి, "కళ్లు వయసుకు తగినట్లే ఉన్నాయి, అద్దాలూ సరైనవే. అమ్మగారు వంట చేసేటప్పుడు వెలుగు ఎటునుండి పడుతుంది?" అని అడిగారు. నా వద్ద సమాధానం లేదు.

ఆ సాయంత్రం దీపం వేసి వంట గట్టు ముందు నేనే నిలబడ్డాను. దీపం నా వీపు వెనుక ఉన్నది. కూరగాయలు తరిగే పలక, కత్తి, నా చేతి వేళ్లు అన్నీ నా నీడలోనే ఉన్నాయి. పోపులపెట్టెలో జీలకర్ర ఏదో, వాము ఏదో నాకూ తెలియలేదు. "ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "మొదటి రోజే చూశాను. మీరు మందుల గది హడావుడిలో ఉన్నారు, ఎందుకులే అని ఊరుకున్నాను" అన్నది.

రోగం ఆమె కంటిలో లేదు. నేను కట్టించిన గోడలో ఉన్నది. కారణం తెలియకుండా చేసిన చికిత్స ఎంతటి మందుతో చేసినా వ్యర్థమే.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

సుశ్రుత సంహితలోని కల్పస్థానం మొదటి అధ్యాయంలో రాజుగారి వంటశాల ఎలా ఉండాలో వర్ణించారు. అది విశాలంగా, శుచిగా ఉండాలి. జాలకాలు, గవాక్షాలు ఎక్కువగా ఉండాలి. విశ్వాసపాత్రులైన వారే అందులో పని చేయాలి అని దాని సారాంశం. ఆహారం ద్వారా విషం సోకకుండా రాజును కాపాడుకొనే సందర్భంలో ఈ మాటలు వస్తాయి. గవాక్షాల వలన పొగ బయటికి పోతుంది, వెలుగు లోపలికి వస్తుంది. వెలుగున్న చోట ఆహారంలోని దోషం దాగలేదు.

చరక సంహిత విమానస్థానంలో భోజన విధి చెప్పబడింది. వేడిగా, మితంగా, మునుపటి ఆహారం జీర్ణమైన తరువాత, మనసుకు నచ్చిన ప్రదేశంలో కూర్చుని, మరీ తొందరగా గాని మరీ ఆలస్యంగా గాని కాక, భోజనంపైనే మనసు నిలిపి తినాలని ఆ విధి. చరకుడు విద్యుద్దీపాన్ని ఎరుగడు గనుక ఆయన నోట మన మాటలు పెట్టరాదు. అయినా తినే పదార్థం స్పష్టంగా కనబడనిదే దానిపై మనసు ఎలా నిలుస్తుంది?

రూపాన్ని గ్రహించే శక్తి కంటిలోని ఆలోచక పిత్తానిదని మన శాస్త్రం. వార్ధక్యంలో వాతం ప్రబలి ఇంద్రియాల శక్తి తగ్గుతుంది. దీనినే ఆధునిక నేత్ర విజ్ఞానం మరొక విధంగా చెబుతున్నది. వయసు పెరిగే కొద్దీ కనుపాప చిన్నదవుతుంది, కంటిలోని కటకం పచ్చబడుతుంది. ఇరవై ఏళ్ల వారితో పోలిస్తే అరవై ఏళ్ల వారి నేత్రపటలానికి చేరే వెలుగు సుమారు మూడవ వంతు మాత్రమే. కోడలికి చాలిన దీపం అత్తగారికి చాలదు. "నాకు బాగానే కనిపిస్తోంది కదా" అని యువకులు పెద్దల మాటను తోసిపుచ్చరాదు.

దీపం వెనుక కాదు, ముందు

వంటింటి దీపానికి మొదటి సూత్రం ఇది: వెలుగు వండేవారి ముందు నుండి, లేదా తలకు కొంచెం ముందుగా పై నుండి పడాలి. గది నడుమనున్న దీపం గదికి చాలుతుంది గాని గట్టుకు చాలదు. గట్టు గోడను ఆనుకుని ఉంటుంది, వండేవారు గోడవైపు తిరిగి నిలబడతారు, వారి నీడ పనిమీద పడుతుంది.

గట్టు పైన అరలు ఉంటే ఆ అరల అడుగున, ముందు అంచుకు దగ్గరగా సన్నని ఎల్‌ఇడి పట్టీ బిగించాలి. అరలు లేకపోతే గట్టు ఎదుటి గోడకే కొంత ఎత్తులో ట్యూబ్‌లైటు పెట్టవచ్చు. దీపం నేరుగా కంటిలో పడకుండా చిన్న అడ్డు ఉండాలి. తరిగే చోట, పొయ్యి దగ్గర, సింకు దగ్గర, ఈ మూడు చోట్లా నీడ పడకుండా చూసుకుంటే చాలు.

తూర్పు ముఖంగా వండే ఆచారం మన ఇళ్లలో ఉన్నది. వాస్తు సంగతి ఆ శాస్త్రజ్ఞులకే వదులుదాం. తూర్పు గోడకు కిటికీ ఉంటే ఉదయపు వెలుగు వండేవారి ముందు నుండి పడుతుందన్నది మాత్రం కంటికి కనబడే ప్రయోజనం. ఆ కిటికీని సామాను అలమరతో మూసివేయకండి.

వస్తువు నిజరూపం కనబడాలి

నేను గురుకులంలో ఉన్నప్పుడు సాయంసంధ్య తరువాత మూలికలు ఏరడం నిషిద్ధం. వేరు రంగు, విరిచినచోట దాని లోపలి వన్నె పగటి వెలుగులోనే చూడాలని మా గురువుగారి ఆజ్ఞ. వంట దినుసులకూ ఇదే నియమం వర్తిస్తుంది.

ఆవాలలో బలురక్కసి గింజలు కలిసే ప్రమాదం ఉన్నది. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడినవారు వాపుల వ్యాధికి గురయ్యారు, పలువురు మరణించారు. ఆవగింజ నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు వన్నె. బలురక్కసి గింజ పైన గరుకుగా ఉంటుంది, లోపల తెలుపు. వేరుశనగ గింజలపై పట్టే ఆకుపచ్చని బూజు కాలేయానికి హాని చేసే ఆఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టించగలదు. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా నశించదు. అరకొర వెలుగులో ఈ తేడాలు తెలియవు. మంచి వెలుగు ఉన్నంత మాత్రాన సకల దోషాలూ బయటపడతాయని కాదు గాని, కంటికి కనబడగలిగిన దోషమైనా మన చేయి దాటిపోదు.

దీపాలన్నీ రంగులను ఒకే విధంగా చూపవు. ఈ గుణాన్ని సిఆర్‌ఐ అనే అంకెతో కొలుస్తారు. గరిష్ఠం 100. ఎల్‌ఇడి దీపాల పెట్టెపై ఈ అంకె ఉన్నదేమో చూడండి. 80కి తక్కువైనది వంటింటికి వద్దు. 90 దాటినది దొరికితే శ్రేష్ఠం. వీలైతే దుకాణంలోనే ఆ దీపం కింద మీ అరచేతిని, ఒక టమాటాను పెట్టి చూడండి. అరచేయి పాలిపోయినట్లు, టమాటా వాడినట్లు కనబడితే ఆ దీపం వద్దు.

తెల్లని దీపమా? పసుపు దీపమా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. వెలుగు వన్నెను కెల్విన్ అనే కొలతతో చెబుతారు. నూనె దీపపు జ్వాల సుమారు 1900 కెల్విన్లు. పాతకాలపు తీగ బల్బు 2700. నీలిచాయ గల "కూల్ డేలైట్" 6500. అంకె పెరిగే కొద్దీ వెలుగు పసుపు నుండి నీలిమ వైపు సాగుతుంది. వంట గట్టుకు 4000 అనుకూలం. భోజనశాలకు 2700 నుండి 3000 వరకు హాయిగా ఉంటుంది. వన్నె వేరు, రంగులు చూపే గుణం వేరు. పసుపు దీపమైనా సిఆర్‌ఐ బాగుంటే రంగులను చక్కగా చూపుతుంది.

ఎంత వెలుగు వస్తుందో తెలియడానికి వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగు సుమారు 700 ల్యూమెన్లు. నేడు 9 వాట్ల ఎల్‌ఇడి అంతకంటె కొంచెం ఎక్కువే ఇస్తుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గల వంటింటికి 2000 ల్యూమెన్ల ట్యూబ్‌లైటు ఒకటి, దానికి తోడు గట్టుపైన ప్రత్యేక దీపం ఉంటే సరిపోతుంది.

భోజనశాల

భోజనాల బల్లపై దీపం వేలాడదీసేవారు బల్ల ఉపరితలం నుండి 30 నుండి 36 అంగుళాల ఎత్తులో ఉంచాలి. అంతకంటె దిగితే ఎదుటివారి ముఖం కనబడదు. ఎక్కువ ఎత్తులో ఉంటే దీపం కంటిలో పొడుస్తుంది. వెలుగు విస్తరిలోనూ కంచంలోనూ పడాలి గాని కంటిలో కాదు. పీటలు వేసుకుని నేలపై కూర్చునే ఇళ్లలో దీపం వీపు వెనుక గోడకు ఉండరాదు.

హోటళ్లను చూసి భోజనశాలను మసక వెలుగుతో నింపడం నేటి వేడుక. కూరలోని లవంగం, మిరప ముక్క, చేపముల్లు చిన్నపిల్లలకూ వృద్ధులకూ కనబడవలసిన పని లేదా? సౌమ్యమైన వెలుగు వేరు, చీకటి వేరు.

రాత్రి భోజనం తరువాత

కంటిలో వస్తువులను చూపే కణాలు గాక, పగలు రాత్రి భేదాన్ని మెదడుకు తెలిపే మరి కొన్ని కణాలున్నాయని 2002 ప్రాంతంలో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. నీలి వెలుగుకు అవి ఎక్కువగా స్పందిస్తాయి. నిద్రవేళకు సుమారు రెండు గంటల ముందు నుండి శరీరంలో పెరగవలసిన మెలటోనిన్ అనే స్రావాన్ని తీక్ష్ణమైన వెలుగు అణచివేస్తుంది. కనుక వంట పూర్తికాగానే గట్టు దీపాలు ఆర్పి, భోజనశాలలో వెచ్చని దీపం ఒక్కటే ఉంచాలి. భోజనమైన తరువాత దానినీ తగ్గించాలి. ఇందుకోసం ప్రతి దీపానికీ వేరు స్విచ్ పెట్టించండి. రాత్రివేళ మంచినీటికి లేచే వృద్ధులకు నేలకు దగ్గరగా చిన్న పసుపు దీపం ఉంటే పడిపోయే ప్రమాదం తప్పుతుంది.

కొత్త ఇంట గుర్తుంచుకోవలసినవి

1. గోడలకు పూత వేయకముందే పొయ్యి, సింకు, తరిగే చోటు నిర్ణయించి పాయింట్లు పెట్టించండి. తరువాత గోడ పగులగొట్టడం ఖర్చు, దుమ్ము.

2. పొయ్యికి సరిగ్గా పైన దీపం వద్దు. ఆవిరి, నూనె జిడ్డు పట్టి వెలుగు తగ్గుతుంది. మూత ఉన్న దీపాన్ని ఎంచి, కరెంటు ఆపి నెలకొకసారి తుడవండి.

3. స్విచ్‌లు సింకుకు దూరంగా ఉండాలి. ఇంటి వైరింగుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే రక్షణ సాధనం పెట్టించండి.

4. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్‌నూ వేయకండి, ఆర్పకండి. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరవండి.

5. కరెంటు పోయినప్పుడు పొయ్యి పక్కన కొవ్వొత్తి వద్దు. ఛార్జింగు దీపం ఒకటి అందుబాటులో ఉంచండి.

చివరిగా ఒక మాట. మా ఇంట గట్టు దీపం బిగించడానికి ఎలక్ట్రీషియన్‌కు ఒక్క పూట పట్టింది. ఆనాటి నుండి పప్పులో రాయి రాలేదు, వేలికి కట్టు కట్టే పని పడలేదు. త్రిఫలా ఘృతం సీసా అలమరలోనే ఉన్నది. కొత్త ఇల్లు కట్టుకునే గృహస్థులు సాయంత్రం దీపాలు వెలిగే వేళ ఒక్కసారి వంట గట్టు ముందు నిలబడి, తమ నీడ ఎక్కడ పడుతున్నదో చూడాలి. అంతకంటె ముందు, అక్కడ రోజూ నిలబడే ఆమెను అడగాలి. ఆమె అడగనిదే చెప్పకపోవచ్చు.