మీ గీజర్ ముల్లు ఏడున్నది?

సలికాలం వచ్చిందంటే మా మారేడ్‌పల్లిల పొద్దుగాల ఐదింటికే గీజర్లు షురూ అయితయి. ఈస్ట్‌ల పాత ఇండ్లైనా, వెస్ట్‌ల కొత్త అపార్ట్‌మెంట్లైనా బాత్రూం గోడకు ఒక తెల్ల డబ్బా ఉండుడు ఖాయం. బిల్లు ఎక్కువొస్తే ఫ్రిజ్‌ను తిడుతం, టీవీని తిడుతం. ఆ డబ్బాకు ఉన్న చిన్న ముల్లును మాత్రం ఎవ్వలం చూడం. ఫిట్టింగ్ చేసినాయన ఏడ పెట్టిపోయిండో పదేండ్లైనా ఆడనే ఉంటది. శానా ఇండ్లల్ల అది ఫుల్లు మీదనే ఉంటది.

ముందుగాల ఒక లెక్క చూద్దాం. 20 లీటర్ల బకెట్‌ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కాలంటే దాదాపు 0.35 యూనిట్ కరెంటు పడుతది. నలుగురున్న ఇంట్ల రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42. డిసెంబర్ల ట్యాంకు నీళ్లు ఇంకా సల్లగుంటయి కాబట్టి ఇంకింత పెరుగుతది. ఇది తప్పని ఖర్చు. ముల్లు 50 మీద పెట్టినా, 70 మీద పెట్టినా బకెట్‌కు పట్టే వేడి అంతే. 70 మీద ఉంటే వేడినీళ్లు తక్కువ, సల్లనీళ్లు ఎక్కువ కలుపుకుంటరు. 50 మీద ఉంటే వేడినీళ్లు ఎక్కువ పట్టుకుంటరు. మరి ముల్లు తగ్గిస్తే ఫాయిదా ఏంది?

ఫాయిదా తానం చేసే నీళ్లల్ల లేదు, చెయ్యని నీళ్లల్ల ఉన్నది. ట్యాంకుల నిలవున్న వేడినీళ్లు ఊకనే ఉండవు. గోడల నుంచి వేడి బయటికి పోతనే ఉంటది. అది పోయినప్పుడల్లా లోపలి థర్మోస్టాట్ మల్ల కరెంటు గుంజుతది. గీజర్ మీద స్టార్ లేబుల్ అతికించి ఉంటది గదా, దాని మీద 24 గంటల్ల ఎన్ని యూనిట్లు ఇట్ల ఉత్తగ పోతయో రాసి ఉంటది. ఆ అంకె నీళ్లకు, బయటి గాలికి 45 డిగ్రీల తేడా ఉన్నప్పటిది. లేబుల్ మీద 0.6 అని ఉన్నదనుకోండ్రి. బయట 25, లోపల 70 పెట్టి రోజంతా ఆన్‌ల ఉంచితే నెలకు 18 యూనిట్లు గాలికే పోతయి. అదే 50 మీద ఉంటే తేడా 25 డిగ్రీలే, నష్టం పదికి దిగుతది. తానానికి ముందు అరగంట మాత్రమే ఆన్ చేస్తే ఇంకా తక్కువ.

ఇంకోటి, ఆఖరు మనిషి సంగతి. గీజర్‌ల సల్లనీళ్లు కింది నుంచి లోపలికొచ్చి వేడినీళ్లను పైకి నూకుతయి. అందుకే స్విచ్ బంద్ చేసినంక గూడ ట్యాంకుల ఉన్న వేడినీళ్లు నల్లాకు వస్తనే ఉంటయి. ఆఖరాయన తానానికి పోకముందే స్విచ్ బంద్ చేయాలె. ఆన్‌లనే వదిలేస్తే 25 లీటర్ల ట్యాంకు మల్ల నిండ కాగుతది. 70 డిగ్రీలకైతే అది 1.3 యూనిట్లు, 50కైతే 0.73. ఆ నీళ్లు వాడేటోళ్లు ఇంట్ల లేరు, తెల్లారేసరికి శానా వేడి పోతది.

పదో ఇరవయ్యో యూనిట్ల కోసం ఇంత లొల్లి ఎందుకంటరా? 200 గీత దగ్గర అడుగుండ్రి, తెలుస్తది. 2024ల వచ్చిన గృహజ్యోతి కింద అర్హులైన ఇండ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. గీత దాటితే మొత్తం బిల్లు కట్టాలె. 2022 టారిఫ్ లెక్కన 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున 1,020, పైన యూనిట్‌కు 7.70. పథకం లేనోళ్లకు గూడ 200 దగ్గర ఆగితే 820 రూపాయలే, 201 అయితే 1,027. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయల పైన. 190 కాడ తిరిగే కిరాయి ఇంటికి సలికాలంల గీజరే గీత దాటిస్తది.

ఇగ నీళ్ల ముచ్చట. గీజర్ బాత్రూంలనే ఉంటే పైపుల నిలిచేది అర లీటరే, ఫికర్ లేదు. డాబా మీద సోలార్ హీటర్ నుంచి కింది అంతస్తుకు వచ్చే 20 మీటర్ల ముప్పావు ఇంచు పైపుల దాదాపు 5 లీటర్లు ఉంటయి. వేడి వచ్చేదాకా ఆ సల్లనీళ్లను మోరీల పోనిస్తం. రోజుకు మూడుసార్లంటే నెలకు 450 లీటర్లు. అవి ఉత్త నీళ్లు కావు. నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైనే మోటర్లతోని ఎత్తిపోసి జలమండలి తెచ్చిన నీళ్లు. వాటిల గూడ కరెంటున్నది. బకెట్ తానం చేసేటోళ్లకు ఈ నష్టమే లేదు. ముందు వచ్చే సల్లనీళ్లు బకెట్‌లనే పడతయి, ఎట్లాగూ కలపాల్సినవే. షవర్ అయితే నిమిషానికి 9 లీటర్ల లెక్కన 8 నిమిషాలకు 72 లీటర్లు, ఒకటింబావు యూనిట్. బకెట్‌కు మూడున్నర రెట్లు.

అట్లని ముల్లును మరీ కిందికి దించొద్దు. గోరువెచ్చగ రోజుల తరబడి నిలిచిన నీళ్లల్ల లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతది. ఊరికి పోయి వచ్చినంక ఒక్కసారి 60 దాకా కాగబెట్టి వాడుకోవాలె. రోజూ వాడే ఇంటికి 50 నుంచి 55 మంచిది. 60 డిగ్రీల నీళ్లు ఐదు సెకండ్లల్లనే చర్మాన్ని బొబ్బలెక్కిస్తయి. చిన్నపిల్లలు, ముసలోళ్లున్న ఇంట్ల ఇది యాదుంచుకోవాలె. బోరునీళ్ల ఇండ్లకైతే ఇంకో మాట: వేడి పెరిగినకొద్దీ కాయిల్‌కు తెల్ల సున్నం ఎక్కువ పడుతది. రెండేండ్లకోసారి లోపల కడిగించాలె.

నేననేది ఒక్కటే. గీజర్ కొనేది ఇంటి ఓనర్, బిల్లు కట్టేది కిరాయిదారు. ఓనర్ తక్కువ ధర చూస్తడు, స్టార్లు చూడడు. కిరాయికి దిగేటప్పుడు నల్లా వస్తదా, పార్కింగ్ ఉన్నదా అని అడిగినట్టే గీజర్‌కు ఎన్ని స్టార్లని గూడ అడగాలె. ముల్లు డబ్బా లోపలుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ బంద్ చేయించి తిప్పించుకోవాలె. ఎండాకాలం వస్తే అసలు లొల్లే లేదు. డాబా మీద ట్యాంకు నీళ్లను సూర్యుడే కాగబెడతడు, స్విచ్ ముట్టే పనే ఉండదు.