ఎండను వెలుతురు చేసే ఇల్లు

మూడు రోజుల సెలవులు కలిసొచ్చాయి. కాపెల్ నుంచి 121 హైవే పట్టుకుని ఫోర్ట్‌వర్త్ వెళ్ళి కింబెల్ ఆర్ట్ మ్యూజియం చూశాం. అక్కడి సొంత సేకరణ చూడటానికి టికెట్ అక్కర్లేదు. కళాకృతులు 350కి మించవు. నాకు నచ్చింది కూడా అదే. పెద్ద మ్యూజియాల్లో మధ్యాహ్నానికల్లా కాళ్ళూ కళ్ళూ అలిసిపోతాయి. ఇక్కడ ఒక్క బొమ్మ ముందే తీరిగ్గా నిలబడొచ్చు.

నేనలా నిలబడిపోయింది మైకెలాంజెలో దగ్గర. సెయింట్ ఆంథొనీని దయ్యాలు గాల్లోకెత్తి పీకుతున్న చిన్న చిత్రం. 1487-88 ప్రాంతంలో, పన్నెండు పదమూడేళ్ళ వయసులో వేశాడంటారు. ఒక దయ్యం ఒంటిమీద పొలుసులున్నాయి. వాటికోసం చేపల బజారుకి వెళ్ళి చేపల్ని పరిశీలించాడట ఆ పిల్లవాడు.

చూస్తూండగా గది కొద్దిగా మసకబారి, మళ్ళీ తేటపడింది. బయట సూర్యుడికి మబ్బు అడ్డొచ్చి తొలగిందన్నమాట. అప్పుడు తలెత్తి పైకప్పు చూశాను.

ఈ భవనం లూయీ కాన్ కట్టింది. 1972లో తెరిచారు. వరసగా పదహారు కాంక్రీటు కమాన్లు, ఒక్కోటి వంద అడుగుల పొడవు. కమాను నడినెత్తిన సన్నటి చీలిక. దాని కింద రెక్కల్లా వంచిన, చిల్లులున్న అల్యూమినియం రేకులు. లోపలికి దిగిన ఎండ ఆ రేకులకి తగిలి, తిరిగి పైకి లేచి, కప్పు అడుగున పరుచుకుని, అక్కణ్ణుంచి మెత్తగా గోడలమీదకి జారుతుంది. బూడిదరంగు కాంక్రీటు వెండిలా మెరుస్తుంది.

మన భాషలో ఎండ వేరు, వెలుతురు వేరు. ఎండాకాలం తలుపులు బిగించుకుని, ఎండతోపాటు వెలుతురునీ బయటే ఆపేసిన ఇళ్ళలో పెరిగినవాళ్ళం. టెక్సాస్ ఎండా తక్కువదేం కాదు. అయినా కాన్ దాన్ని వెళ్ళగొట్టలేదు, వేడి విరిచి వెలుతురుగా లోపలికి పిలిచాడు.

అహ్మదాబాద్ ఐఐఎం కట్టిందీ ఆయనే. ఇటుక గోడల్లో పెద్ద పెద్ద గుండ్రటి ఖాళీలు వదిలి, అక్కడి ఎండకి నీడలు అమర్చాడు. 1974 మార్చిలో అహ్మదాబాద్ నుంచి ఇంటికి తిరిగొస్తూ, న్యూయార్క్ పెన్ స్టేషన్లో గుండె ఆగి పోయాడు. కింబెల్ తెరిచి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు.

మీరెప్పుడైనా వెళ్తే, ఆకాశంలో మబ్బులు కదిలే రోజు చూసుకుని వెళ్ళండి. ఒకే బొమ్మ రెండు మూడు సార్లు చూసినట్టుంటుంది.