తోలుకు తగిన మిషన్!

జాకెట్టు అంటే మన ఊళ్లలో రవికే. దాన్ని కళ్లు మూసుకుని కుట్టేయగల దర్జీలు వీధికి ఇద్దరుంటారు. అదే తోలు జాకెట్ అయితే..? చేతిలో పనితనం ఒక్కటే చాలదు. మిషన్‌కీ సత్తా ఉండాలి. అప్పు చేసి కొనే ముందు అదేమిటో తెలుసుకోవాలి మరి!

బట్ట మీద కుట్టు వంకర పోతే దారం విప్పి మళ్లీ కుట్టొచ్చు. ఉతికి ఇస్త్రీ చేస్తే పాత కుట్టు జాడ కూడా కనిపించదు. తోలు అలా కాదు. సూది దిగిన ప్రతిచోటా చిల్లు మిగిలిపోతుంది. నాలుగు కుట్లు తప్పితే ఆ ముక్క చెడినట్టే. జాకెట్‌కి సుమారు 35 నుంచి 40 చదరపు అడుగుల తోలు కావాలి. ఒక్కో గొర్రె తోలు వచ్చేది అయిదడుగుల అటూ ఇటూ. అంటే ఒక్క జాకెట్ వెనక ఏడెనిమిది గొర్రెల తోళ్లున్నాయన్నమాట. మిషన్ మొరాయిస్తే నష్టం ఎంతో లెక్కేసుకోవచ్చు.

తోలు మనది... విలువ?

2019 పశుగణన ప్రకారం 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. పాలమూరు, నల్గొండ మెట్టభూముల్లో మందలకు కొదవలేదు. నెల్లూరు జాతిలాంటి ఉన్ని లేని గొర్రెల తోలు సన్నగా, మెత్తగా ఉంటూనే గట్టిగా ఉంటుంది. దుస్తులకు కావాల్సిందీ అదే. కానీ తోలు శుద్ధి, కుట్టుపని పెద్దఎత్తున జరిగేది తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను ముందుకు నడిపింది గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. మనవాళ్లకు ఆ శాస్త్రం కొత్తేమీ కాదు.

పని అంతకన్నా కొత్త కాదు. తంగేడు చెక్క, కరక్కాయలతో లందల్లో తోలు ఊనిన చేతులివి. నిజాం కాలంలో ఈ పల్లెల్లో చెప్పులు, మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టింది మాదిగలు. దొరలకు మాత్రం ఆ పని వెట్టి! కూలీ అడిగే హక్కే లేదు. 1946లో ఎగసి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి నల్గొండ గుండెకాయ అయిందంటే, ఆ కారణాల్లో వెట్టీ ఒకటి. తర్వాత కరెంటు మోటార్లొచ్చి మోటలు పోయాయి. ప్లాస్టిక్ చెప్పులొచ్చి ఆరె, రంపె, గూటం మూలకు చేరాయి. తోలు తెలిసిన చేతికి మిషన్ తెలియదు. మిషన్ తెలిసిన దర్జీకి తోలు తెలియదు. ఈ రెంటినీ కలపాల్సింది సరైన మిషనే.

ఇంట్లో మిషన్ చాలదా?

చాలామంది చేసే ఆలోచన ఇదే. ఉన్న మిషన్‌కే మోటారు బిగిస్తే పోలా అని. మోటారు పెడితే వేగం పెరుగుతుందే తప్ప పట్టు పెరగదు. దుస్తుల తోలు మందం 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు. రెండు పొరలైతే గట్టి ఇంటి మిషన్ కూడా కుడుతుంది. చిక్కంతా జేబు, జిప్పు, కాలర్ దగ్గరే. అక్కడ నాలుగు నుంచి ఆరు పొరలు ఒకదాని మీద ఒకటి పడతాయి. నాలుగు మిల్లీమీటర్లు దాటిన ఆ దొంతరలో సూది వంగుతుంది, కుట్టు ఎగిరిపోతుంది.

ఇంకో తంటా ఉంది. మామూలు మిషన్‌లో కింది పళ్లు కింది పొరను లాగుతాయి. పైన పాదం తోలుకు అతుక్కుని పై పొరను ఆపేస్తుంది. కుట్టు పూర్తయ్యేసరికి ఒక పొర పొడుగు, ఇంకోటి పొట్టి!

మూడు రకాలు

ఫ్యాక్టరీల్లో బట్టలు కుట్టే మిషన్‌ను మనవాళ్లు ఏ కంపెనీదైనా ‘జూకీ మిషన్’ అనే అంటారు. అందులో మందపు బట్టల కోసం చేసిన రకం తీసుకుని, టెఫ్లాన్ పాదమో, చక్రాల పాదమో బిగిస్తే పల్చని గొర్రెతోలు జాకెట్లకు సరిపోతుంది.

రెండోది వాకింగ్ ఫుట్. ఇందులో పాదం ఆగి ఉండదు, అడుగులేస్తుంది. కాంపౌండ్ ఫీడ్ రకమైతే సూది, పాదం, పళ్లు మూడూ కలిసి కదులుతాయి. పై పొరా కింది పొరా ఒకేసారి సాగుతాయి. జూకీ డీఎన్‌యూ-1541 ఈ కోవలోదే. మందపు జాకెట్లు, బ్యాగులు, సీటు కవర్లు... అన్నీ కుట్టొచ్చు. పని రకరకాలుగా వచ్చే చిన్న ఊళ్లలో ఇదే మేలు.

మూడోది స్తంభంలా లేచిన, గొట్టంలా ఉన్న బల్లల మిషన్లు. అవి చెప్పులకు, బ్యాగులకు పనికొస్తాయి. దుస్తులు కుట్టేవాళ్లు మొదట కొనాల్సినవి కావు. చెప్పుల షాపుల్లో చేత్తో తిప్పే మిషన్ కూడా అతుకులకే. దాని బాబిన్ చిన్నది, పొడవు కుట్లకు ఆగదు.

‘హెవీ డ్యూటీ’ అన్న అక్షరాలు చూసి మురిసిపోకూడదు. గుర్రపు జీనులు కుట్టే మిషన్ తెస్తే లావు సూది సన్న తోలును చించేస్తుంది.

సూదీ ముఖ్యమే!

తోలు సూది మొన పదునుగా కోస్తుంది. మెత్తని తోలుకు 14, 16 నంబర్లు, మందానికి 18 వాడతారు. ఏ మిషన్ సూది దానిదే. కొనేటప్పుడే ఆ రకం మన దగ్గర దొరుకుతుందో లేదో అడగాలి. దారం నైలాన్ లేదా పాలిస్టర్‌ది ఉండాలి. చెక్కతో ఊనిన తోలులోని వగరు నూలు దారాన్ని కొన్నాళ్లకు తినేస్తుంది. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. మరీ దగ్గరైతే స్టాంపుల అంచులా చిల్లులు పడి తోలు అక్కడే చిరుగుతుంది. గుండుసూదులు గుచ్చకూడదు. క్లిప్పులో, జిగురో వాడాలి.

మోటారు రెండు రకాలు. క్లచ్ మోటారు చవక. కానీ కుట్టకపోయినా తిరుగుతూ కరెంటు తింటుంది. పెడల్ తాకితే దూసుకెళ్తుంది. సర్వో మోటారు తొక్కినప్పుడే తిరుగుతుంది, మెల్లగా మొదలవుతుంది. తోలుకు ఆ నిదానమే కావాలి. ఇళ్లలో ఉండేది సింగిల్ ఫేజ్ కాబట్టి దానికి సరిపడే మోటారే అడగాలి.

అప్పుకు ముందు పరీక్ష

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీలు, చర్మకారులు ఇద్దరూ ఉన్నారు. పనిముట్లకు రూ.15 వేలు, తొలివిడతగా 5 శాతం వడ్డీతో రూ.లక్ష దాకా రుణం ఇస్తారు. రూ.15 వేలకు కొత్త వాకింగ్ ఫుట్ మిషన్ రాదు. మిగతాది అప్పే. అందుకే దుకాణానికి ఖాళీ చేతులతో వెళ్లకూడదు. కుట్టబోయే తోలు ముక్కలు, దారం వెంట తీసుకెళ్లాలి. ఆరు పొరలు పెట్టి మెల్లగా కుట్టించాలి. సమానంగా కోసిన రెండడుగుల పట్టీలు రెండు జోడించి చివరిదాకా కుట్టాలి. కొసలు కలిస్తే మిషన్ మంచిదే. పై పట్టీ పొడుగు తేలితే ఆ బేరం వద్దు. పాతది కొన్నా ఇదే పరీక్ష. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, చెడితే మెకానిక్ ఊరికి వస్తాడా అన్నవి ధర కన్నా ముందు అడగాల్సిన మాటలు. చదువుగా నేర్చుకోవాలనుకునే పిల్లలకు హైదరాబాద్‌లో ఎఫ్‌డీడీఐ ఉంది.

ఒకప్పుడు ఈ నేల మీద తోలుపనికి కూలీ లేదు. ఇప్పుడు అదే పనికి ధర చెప్పే వీలుంది. వాయిదా కట్టగా చేతిలో నాలుగు డబ్బులు మిగిలితేనే ఆ ధరకు అర్థం. అది కొనే రోజు అడిగే ప్రశ్నల్లోనే ఉంది.