చదువునకు ముగింపు లేదు

పట్టా చేతికి రాగానే చదువు ముగిసినదని తలంచువారు పెక్కుమంది. బోధించు మేమును ఆ భ్రమకు లోనగుచుందుము. ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి ‘రైతు’ అను పదము ఎచ్చటిదని మమ్ము అడిగెను. అచ్చతెలుగు మాటయని తడుముకొనక చెప్పితిమి. ఆ రాత్రి నిఘంటువు చూడగా, అది అరబ్బీ ‘రఇయ్యత్’ నుండి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగునకు వచ్చినదని తెలిసెను. ఉర్దూ మాటలాడు ఇంట పుట్టియు మేమది ఎరుగమైతిమి! మరునాడు తరగతిలో మా పొరపాటును ఒప్పుకొంటిమి.

ఇట్టి సందర్భములందు మాకు స్ఫురించు మహనీయుడు అల్‌బీరూనీ. క్రీ.శ. 973లో మధ్య ఆసియాలోని ఖ్వారిజమ్ ప్రాంతమున జన్మించిన ఆయన గణిత, ఖగోళ శాస్త్రములందు ఉద్దండుడు. అట్టివాడు నలువది యేండ్లు దాటిన పిదప సంస్కృతము నేర్వ పూనుకొని, మన పండితుల ముందు శిష్యుడై నిలిచెను. ఆ శ్రమఫలమే 1030 ప్రాంతమున వెలసిన ‘కితాబుల్ హింద్’. మృత్యుశయ్యపై నుండియు, చూడవచ్చిన మిత్రుని వారసత్వపు లెక్కలోని ఒక చిక్కును అడిగి తెలిసికొనెనని చెప్పుదురు.

సర్వము తెలిసినవారు లేరు. అంతమాత్రమున నేర్చుట వ్యర్థము కాదు. తెలిసికొన్న ఒక్కొక్క విషయము ఒక్కొక్క పొరపాటును తొలగించును. విద్యార్థులారా! ‘తెలియదు’ అనుటకు సంకోచింపకుడు. ఆ సాయంకాలమే గ్రంథాలయమునకు పొండు.