మీకు తెలుసా? చెరకుమడ్డిలో ఔషధబీజము

జహీరాబాదు ప్రాంతపు చెరకునుండి పంచదార తీయగా మిగిలిన మొలాసిస్ అను నల్లని మడ్డిని ఈస్టు కణములు పులియబెట్టి మద్యసారముగా మార్చుననుట అందఱెఱిగినదే. కాని, చక్కెర పులియుచుండగా అందు చేదుబాదము వాసనగల బెంజాల్డిహైడును కొలదికొలదిగా చేర్చినచో, ఆ కణములే దానిని చక్కెరనుండి పుట్టిన పైరువిక్ ఆమ్లపు శకలముతో జతపఱచి నూతనపదార్థమును నిర్మించునని 1921లో జర్మనీయందు నాయ్‌బెర్గ్, హిర్ష్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తరువాతి దశకమున అదియే ఉబ్బసపుమందగు ఎఫిడ్రిన్ తయారీకి మూలమయ్యెను.

కుడిచేయి, ఎడమచేయివలె పరస్పర ప్రతిబింబములైన ఆ పదార్థపు రెండు రూపములలో ఔషధమునకు వలసినదానినే ఈస్టు కణము ప్రధానముగా నిర్మించును. ఎంజైమును వెలికితీసి శుద్ధిచేయు వ్యయము లేక, సంపూర్ణ కణమునే ఉత్ప్రేరకముగా నియోగించుటయే ఇందలి మర్మము.